బైక్ మీద దారి చూసుకోవడానికి ఫోను చాలా, విడిగా నావిగేటర్ కొనాలా?

మొదటిగేరు:
అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు. బైకు నాలుగేళ్లుగా నడుపుతున్నాను గానీ దూర ప్రయాణాలు మొదలుపెట్టింది ఈ ఏడాదే. ఇంతవరకు హ్యాండిల్‌కి మౌంట్ బిగించి, రోజూ వాడే ఫోనునే అందులో పెట్టుకుని, గూగుల్ మ్యాప్స్ చూసుకుంటూ వెళ్లిపోయేవాణ్ణి. పోయిన నెల ఒక రైడ్‌లో వాన పట్టుకుంది. ఫోనుకి వాటర్‌ప్రూఫ్ కవర్ ఉంది కదా అని ధైర్యంగానే ఉన్నాను. పది నిమిషాలు కాకముందే తెర దానంతటదే కదలడం మొదలుపెట్టింది. మ్యాప్ పెద్దదవుతోంది, చిన్నదవుతోంది, పక్కకి జరిగిపోతోంది. చివరికి నావిగేషనే ఆగిపోయింది. గ్లవ్ తీసి సరిచేద్దామంటే వెనకాలే లారీ. తిరగాల్సిన అడ్డరోడ్డు దాటిపోయానని తెలిసేసరికి 22 కిలోమీటర్లు ముందుకొచ్చేశాను. చీకటి పడుతోంది, చార్జింగ్ 9 శాతం. ఆ టెన్షన్ ఇంకా మర్చిపోలేదు.

వచ్చే నెల నలుగురం కలిసి ఆరు రోజుల టూర్ అనుకుంటున్నాం. మొత్తం 1,800 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అందులో రెండు రోజులు కొండ దారి, చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. విడిగా నావిగేటర్ కొనమంటారా, ఫోనుతోనే ఇంకా బాగా చేసుకునే దారి ఉందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గుంతలదారి:
తమ్ముడూ, నీకు జరిగిందాంట్లో కవర్ తప్పేం లేదు. ఇప్పటి ఫోన్ల తెరలు నొక్కితే కాదు, వేలి చర్మం తగిలినప్పుడు విద్యుత్తులో వచ్చే చిన్న మార్పుని పట్టుకుని పనిచేస్తాయి. నీటిచుక్కకి కూడా ఆ మార్పే వస్తుంది. కవర్ లోపలికి నీళ్లు రాకపోయినా, పైన జారే నీళ్లే నీ మ్యాప్‌ని లాగేశాయి. అదే సమయంలో మామూలు గ్లవ్ వేసుకున్న వేలిని అది గుర్తుపట్టదు.

నేను ఎనిమిదేళ్లుగా విడి నావిగేటరే వాడుతున్నాను. ఇప్పుడున్నది గార్మిన్ జూమో ఎక్స్‌టీ. తెర 5.5 అంగుళాలు, గ్లవ్స్‌తోనే పనిచేస్తుంది, మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా అక్షరాలు చదవగలను. నీళ్ల విషయంలో ఐపీఎక్స్7, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకోవాలని అర్థం. దాని తర్వాత 2023లో ఎక్స్‌టీ2 వచ్చింది, తెర 6 అంగుళాలు. టామ్‌టామ్ వాళ్ల రైడర్ 550 అయితే 4.3 అంగుళాలే, చిన్న బైకుల హ్యాండిల్‌కి అది బాగా కుదురుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఒకటుంది. తాళం తిప్పగానే అది లేస్తుంది, తాళం తీయగానే పడుకుంటుంది. మ్యాప్ అంతా దానిలోపలే ఉంటుంది కాబట్టి సిగ్నల్ ఊసే లేదు. ఎవరైనా ఫోన్ చేస్తే మ్యాప్ మీద పడి మలుపుని దాచేయదు.

లోపాలు కూడా చెప్పాలి. ఖరీదు ఎక్కువ. ఒక హోటల్ పేరో, చిన్న వీధి పేరో వెతకాలంటే ఫోను దగ్గర పావు వంతు కూడా పనికిరాదు. ట్రాఫిక్ తెలియాలంటే మళ్లీ ఫోనుతో కలపాల్సిందే. మ్యాప్ అప్‌డేట్ పెట్టావంటే ఆ సాయంత్రం దానికే పోతుంది, బయల్దేరే ముందు రోజు రాత్రి మాత్రం ఆ పని పెట్టుకోకు.

వెన్నెలరైడ్:
అన్నా, మీ అనుభవం ముందు నాది చిన్నదే గానీ, పరికరం కొనమనే ముందు ఇంకోమాట అడగాలనిపిస్తోంది. తమ్ముడు తెర వైపు ఎంతసేపు చూస్తున్నాడు?

గంటకి 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకి 22 మీటర్లు వెళ్తాం. రెండు సెకన్లు తెర చూస్తే 44 మీటర్లు రోడ్డు చూడకుండా వెళ్లినట్టు. కారులో ఆ రెండు సెకన్లలో గుంత వస్తే కుదుపుతో పోతుంది. మనకలా పోదు. తెర పెద్దదయ్యేకొద్దీ, అందంగా ఉండేకొద్దీ చూడబుద్ధవుతుంది. ఇది నా విషయంలోనే గమనించాను.

నేను మూడేళ్లుగా చెవితోనే దారి వింటున్నాను. ఫోను జాకెట్ జేబులో, హెల్మెట్‌లో బ్లూటూత్ హెడ్‌సెట్. సేనా, కార్డో లాంటివి ఏదైనా పర్లేదు. సగం మందికి మాట వినబడకపోవడానికి కారణం స్పీకర్ తప్పు చోట ఉండటమే. చెవి రంధ్రానికి ఎదురుగా లేకుండా ఒక్క వేలెడు కిందకో వెనక్కో ఉన్నా, వేగం పెరిగేసరికి గాలి హోరులో మాట కొట్టుకుపోతుంది. హెల్మెట్ పెట్టుకుని, కింద నుంచి వేలు దూర్చి చెవి రంధ్రం ఎక్కడుందో తడిమి, అక్కడ లోపలి గుడ్డ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టండి. హెల్మెట్ తీసి స్పీకర్‌ని ఆ గుర్తు మీదకి జరపండి. నేను అలా చేశాక వాల్యూమ్ సగానికి తగ్గించగలిగాను.

హెడ్‌సెట్ విషయంలో ఒక్కో దేశంలో ఒక్కో నియమం ఉంటుంది, మీరున్న చోట ఏముందో చూసుకోండి.

మొదటిగేరు:
అక్కా, నేను తెర చాలాసేపే చూస్తున్నాను. మీరడిగాక అర్థమైంది. హెడ్‌సెట్ సంగతి తప్పకుండా చూస్తాను.

ఇంకో అనుమానం. మూడు వారాలుగా నా ఫోనులో ఫొటోలు మసకగా వస్తున్నాయి. దూరంగా ఉన్నవాటిని తీస్తే తెర మీద బొమ్మ వణుకుతోంది, లోపల ఏదో చిన్నగా టకటకమంటున్న శబ్దం. కింద ఎప్పుడూ పడలేదు. ఇది బైకు వల్లేనా?

దుమ్ముదారి:
వందకి తొంభై పాళ్లు బైకు వల్లే. నాదీ అలాగే పోయింది.

వైరింగ్ మావయ్య:
బాబూ, ఆ టకటకకి కారణం చెబుతాను. ఈమధ్య ఫోన్ల కెమెరాల్లో లెన్సు గట్టిగా బిగించి ఉండదు. మన చెయ్యి వణికినా ఫొటో చెదరకుండా, గైరోస్కోప్ (ఫోను ఎటు తిరిగిందో పసిగట్టే సెన్సరు) చెప్పినదాన్ని బట్టి అయస్కాంతాల సాయంతో లెన్సు అటూ ఇటూ సర్దుకుంటుంది. అంటే అది తేలుతూ ఉంటుంది. అలాంటిదాన్ని ఇంజను వణుకు నేరుగా వచ్చే హ్యాండిల్ మీద గంటలకొద్దీ పెడితే ఆ సర్దుకునే ఏర్పాటే దెబ్బతింటుంది. ఆపిల్ కంపెనీయే 2021 సెప్టెంబరులో ఈ సంగతి రాసి పెట్టింది. ఎక్కువ శక్తి ఉన్న బైకుల మీద ఐఫోను బిగించొద్దని, మోపెడ్‌లు, ఎలక్ట్రిక్ స్కూటర్ల మీద పెట్టినా వణుకు తగ్గించే మౌంట్ వాడమని. ఆండ్రాయిడ్ ఫోన్లకి ఇది వర్తించదనుకోకు, ఆ రకం కెమెరా ఏ ఫోనులో ఉన్నా కథ ఒకటే.

క్వాడ్ లాక్, ఎస్పీ కనెక్ట్ లాంటివాళ్లు మౌంట్‌కీ ఫోనుకీ మధ్య పెట్టే డ్యాంపర్లు అమ్ముతారు. పనిచేస్తాయి. పెద్ద సింగిల్ సిలిండర్ బైకు అయితే మాత్రం డ్యాంపర్ ఉన్నా నీ మంచి ఫోనుని అక్కడ పెట్టొద్దనే చెబుతాను.

నీ బైకుకి చార్జర్ ఎలా బిగించావు? బ్యాటరీకి నేరుగానా?

మొదటిగేరు:
నేరుగానే మావయ్యా. ఒక షాపులో బిగించారు. రెండు వారాలు బండి తీయకపోతే సెల్ఫ్ పనిచేయడం లేదు. బ్యాటరీ పాతదైపోయిందనుకుంటున్నాను.

వైరింగ్ మావయ్య:
బ్యాటరీ కొనే ముందు ఇది చదువు.

చార్జర్‌లో ఫోను లేకపోయినా, 12 వోల్టుల్ని 5 వోల్టులకి తగ్గించే సర్క్యూట్ కొంత కరెంటు తాగుతూనే ఉంటుంది. దానికి చిన్న లైటో, వోల్టేజ్ చూపించే అంకెలో ఉంటే మరీను. 10 మిల్లీయాంపులే అనుకో. రోజుకి 0.24 యాంపియర్ అవర్. నీ బ్యాటరీ 5 యాంపియర్ అవర్‌ది అయితే 20 రోజుల్లో మొత్తం ఖాళీ. సెల్ఫ్ తిప్పడానికి కావాల్సిన బలం అంతకన్నా చాలా ముందే పోతుంది. నీ రెండు వారాల లెక్క సరిగ్గా ఇక్కడికే వస్తోంది.

చేయాల్సింది ఇదీ. చార్జర్‌కి కరెంటు బండి తాళం తిప్పి ఆన్ చేసినప్పుడే వచ్చేలా పెట్టించు. పార్కింగ్ లైటు వైరులాంటి, ఇగ్నిషన్‌తో వచ్చే ఒక సన్న వైరుతో రిలేని (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) ఆన్ చేయించి, అసలు కరెంటు బ్యాటరీ నుంచి ఆ రిలే ద్వారా రావాలి. బ్యాటరీ ప్లస్ దగ్గర నుంచి బెత్తెడు దూరం లోపే ఫ్యూజు ఉండాలి. ఎక్కడో సీటు చివర ఫ్యూజు పెడితే, బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య వైరు ఒరుసుకుని ఫ్రేముకి తగిలినప్పుడు దాన్ని ఆపేవాడే ఉండడు. ఫోనుకి 5 వోల్టుల దగ్గర 2 యాంపులు ఇవ్వాలంటే 12 వోల్టుల వైపు యాంపు దాకా చాలు. 3 యాంపుల ఫ్యూజు వెయ్యి, 10 వేయొద్దు.

వైరు కట్టాక బండి నిలబెట్టి హ్యాండిల్‌ని కుడి చివరికి, ఎడమ చివరికి తిప్పి చూడు. ఎక్కడా బిగుసుకోకూడదు, ఫోర్కుకీ ఫ్రేముకీ మధ్య నలగకూడదు. చార్జింగ్ వైరు ఫోనులోకి వెళ్లే చోట చిన్న వంపు వదిలి, మౌంట్ కాడకి వైర్లు కట్టే ప్లాస్టిక్ ట్యాగ్‌తో కట్టెయ్. లేకపోతే ప్రతి గతుకుకీ ఆ పిన్నే బరువు మోస్తుంది. నా దగ్గరకి వచ్చే ఫోన్లలో చార్జింగ్ సాకెట్టు వదులైపోయినవాటికి లెక్కలేదు.

గుంతలదారి:
మావయ్య చెప్పిన ట్యాగ్ మాట బంగారం. ఎవరూ చెప్పరు దాన్ని.

నీలికొండ:
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. పాత ఫోను ఒకటి ఇంట్లో ఊరికే పడి ఉంది, సిమ్ లేదు. దాన్ని హ్యాండిల్‌కి పెట్టుకోవచ్చు కదా? సిమ్ లేకపోతే జీపీఎస్ పనిచేయదంటారు, నిజమేనా?

జీపీఎక్స్ బృందం:
నిజం కాదండీ. ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాన్ని ఫోను వింటుంది, అంతే. దానికి సిమ్‌తో పనిలేదు. నాలుగు ఉపగ్రహాలు దొరికితే ఎక్కడున్నామో లెక్క కట్టేస్తుంది. అమెరికా వాళ్ల జీపీఎస్ ఒక్కటే కాదు, రష్యా వాళ్ల గ్లోనాస్, యూరప్ వాళ్ల గెలీలియో, చైనా వాళ్ల బైడూ సంకేతాలని కూడా ఇప్పటి ఫోన్లు చాలావరకు అందుకుంటాయి.

సిమ్ లేకపోతే తేడా వచ్చేది మొదట మనమున్న చోటు పట్టుకునే దగ్గర. ఏ ఉపగ్రహం ఎక్కడుందో అనే సమాచారాన్ని నెట్ ద్వారా ఫోను ముందే తెచ్చుకుంటుంది, అందుకే క్షణాల్లో మ్యాప్ మీద మనమున్న చోట చుక్క కనిపిస్తుంది. నెట్ లేకపోతే ఆ సమాచారాన్ని ఉపగ్రహం నుంచే వినాలి. ఒక్కో ఉపగ్రహం తన లెక్క చెప్పడానికి అరనిమిషం పడుతుంది. మొత్తం పట్టిక కావాలంటే 12.5 నిమిషాలు. కాబట్టి చాలా రోజులు వాడని ఫోనుని ఆన్ చేసి, ఇంకా చుక్క రాలేదేంటని కంగారుపడొద్దు. ఆరుబయట ఆకాశం కనిపించే చోట కాసేపు కదపకుండా ఉంచండి. లేదా బయల్దేరే ముందు ఇంటి వైఫైలో ఒకసారి మ్యాప్ తెరవండి.

పాత ఫోనులో ఆస్మాండ్ గానీ ఆర్గానిక్ మ్యాప్స్ గానీ వేసుకోండి. రెండూ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (అందరూ కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్) ఆధారంగా నడుస్తాయి, కావాల్సిన ప్రాంతాన్ని ముందే దించుకుంటే నెట్ లేకుండానే దారి లెక్క కడతాయి. కొత్త యాప్‌ని టూర్ రోజున మొదటిసారి తెరవకండి. రోజూ వెళ్లే దారిలోనే వారం పాటు వాడి చూడండి.

దుమ్ముదారి:
పాత ఫోనుకి నాదీ ఓటు. ఇంకో కారణం కూడా ఉంది. నేను కిందటేడు మట్టి రోడ్డులో పడ్డాను. బండి వాగు గట్టు కింద, నేను పైన. ఫోను బండి మీదే ఉండిపోయింది. కాలు బెణికి నిలబడలేకపోతున్నాను, సాయానికి ఫోన్ చేయాల్సిన ఫోనుని చేరడానికి పాకుకుంటూ దిగాను. అప్పటి నుంచి మాట్లాడే ఫోను ఒంటి మీదే ఉంటుంది. దారి చూపించేది ఏదైనా సరే, అది వేరే.

వెన్నెలరైడ్:
దుమ్ముదారి గారూ, ఇది అందరూ చదవాలి. నా మొదటి పోస్టులో ఈ కోణం నేనూ చెప్పలేదు.

మొదటిగేరు:
ఇది విన్నాక మనసు మారిపోయింది. పాత ఫోను హ్యాండిల్ మీద, రోజువారీ ఫోను జేబులో, హెల్మెట్‌లో హెడ్‌సెట్. విడి నావిగేటర్ సంగతి ఈ టూర్ తర్వాత ఆలోచిస్తాను. దారి మాత్రం ముందే గీసుకుని ఫైల్ చేయమని స్నేహితుడు చెప్పాడు. జీపీఎక్స్ ఫైల్ అంటున్నాడు. చేసి చూశాను. కంప్యూటర్‌లో కొండ దారి మీదుగా గీస్తే, ఫోనులో తెరిచేసరికి హైవే మీదుగా చూపిస్తోంది! ఎక్కడ తప్పు చేశాను?

జీపీఎక్స్ బృందం:
నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న అడిగారు, కొంచెం పొడుగ్గా చెబుతాను.

జీపీఎక్స్ ఫైల్లో దారిని రెండు రకాలుగా దాచొచ్చు. ఒకటి రూట్, ఇంకోటి ట్రాక్. ట్రాక్ అంటే నేల మీద గీసిన గీత. కొన్ని మీటర్లకి ఒక చుక్క చొప్పున వేల చుక్కలుంటాయి. ఏ పరికరంలో తెరిచినా అదే గీత, అదే చోట. రూట్ అంటే గీత కాదు. 'ఇక్కడ మొదలుపెట్టి, ఈ అయిదారు చోట్ల తగిలి, అక్కడికి చేరు' అన్న సూచన మాత్రమే. ఆ చోట్ల మధ్య ఏ రోడ్డున వెళ్లాలో తెరిచిన పరికరమే మళ్లీ లెక్క కట్టుకుంటుంది. మీ కంప్యూటర్‌లో యాప్‌కి మలుపులు ఇష్టం, ఫోనులో యాప్‌కి తొందరగా చేరడం ఇష్టం. అందుకే మీ కొండ దారి హైవే అయిపోయింది.

దీనికి విరుగుడు పాయింట్లు పెంచడమే. మీరు కోరుకున్న రోడ్డు మీద, వేరే దారికి వీలున్న ప్రతి కూడలి దాటాక ఒక పాయింట్ పెట్టండి. కూడలి మధ్యలో కాదు, దాటాక ఒక అర కిలోమీటరు లోపల. మధ్యలో పెడితే అక్కడికి ఎటు నుంచైనా రావచ్చు కదా.

ఇప్పుడు అసలైన చిక్కు. పాయింట్ పెట్టేటప్పుడు మ్యాప్‌ని బాగా దగ్గరికి తెచ్చి పెట్టాలి. దూరం నుంచి చూసి పెడితే, మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు అయితే పాయింట్ అవతలి వైపు పడుతుంది. అప్పుడు పరికరం ఏం చేస్తుందంటే, మిమ్మల్ని ఆరేడు కిలోమీటర్లు ముందుకి తీసుకెళ్లి, యూటర్న్ చేయించి, ఆ పాయింట్‌ని తాకించి, మళ్లీ యూటర్న్ చేయిస్తుంది. పెట్రోల్ బంకులో పడితే బంకులోకి వెళ్లమంటుంది. నేను ఫైల్ ముగించాక ప్రతి పాయింట్ దగ్గరా ఒకసారి దగ్గరగా చూస్తాను. 40 పాయింట్లుంటే పావుగంట పని.

గార్మిన్‌లో పాయింట్లు రెండు రకాలు. వయా పాయింట్ అయితే 'చేరుకున్నారు' అని చెబుతుంది, దాన్ని తప్పిస్తే వెనక్కి రమ్మని పట్టుబడుతుంది. షేపింగ్ పాయింట్ అయితే నోరెత్తదు, దారి ఆకారం నిలబెట్టడానికే ఉంటుంది. భోజనానికి, పెట్రోలుకి, రాత్రి బసకి వయా పెట్టుకుని మిగతావన్నీ షేపింగ్ చేసుకుంటే ప్రయాణం హాయిగా సాగుతుంది.

మలుపుల దారులు వెతకడానికి కుర్విగర్ అనే దారి గీసే యాప్ చూడండి. ఎంత మెలికల దారి కావాలో మీరే ఎంచుకోవచ్చు, జీపీఎక్స్‌గా దించుకోవచ్చు. ఎప్పుడూ రూట్, ట్రాక్ రెండూ ఒకే ఫైల్లో దించుకోండి. రూట్ మలుపులు చెబుతుంది, ట్రాక్ గీత పక్కన కనిపిస్తూ ఉంటుంది. రెండూ విడిపోయాయంటే ఎక్కడో తేడా వచ్చిందని వెంటనే తెలిసిపోతుంది.

నిదానం:
బాబూ, పెద్దవాణ్ణి, నాకు ఇవన్నీ ఆలస్యంగా అలవాటయ్యాయి. ట్యాంక్ బ్యాగ్ మీద మ్యాప్ కాగితం పెట్టుకుని తిరిగిన కాలం నుంచి ఉన్నాను. మీ పరికరాల మీద నాకేమీ కోపం లేదు. రెండు సంగతులు మాత్రం చెబుతాను.

ఒకసారి మిత్రుడు తాను దిగిన చోటుని అక్షాంశ రేఖాంశాల అంకెలుగా పంపాడు. అతనిది దశాంశాల్లో డిగ్రీలు, చివర .45 అని ఉంది. నేను దాన్ని 45 నిమిషాలుగా నా పరికరంలో కొట్టాను. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి .45 డిగ్రీ అంటే 27 నిమిషాలే. తేడా 18 నిమిషాలు. అక్షాంశంలో ఒక్క నిమిషం అంటే సుమారు 1.85 కిలోమీటర్లు. నేను 33 కిలోమీటర్లు ఉత్తరంగా, చీకట్లో, ఒక రాళ్ల క్వారీ ముందు నిలబడ్డాను. నలుగురూ ఒకే పద్ధతి పెట్టుకున్నారో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి.

రెండోది. ప్రతి రాత్రి మరుసటి రోజు దారిని ఒక చీటీ మీద రాసి ట్యాంకు మీద అతికిస్తాను. ఊరి పేరు, ఆ ఊరి నుంచి ఎటు, ఎన్ని కిలోమీటర్లు. అయిదారు వరుసలు, పెద్ద అక్షరాలు. రాస్తున్నప్పుడే దారి సగం మనసులోకి ఎక్కుతుంది. తర్వాత పరికరం ఏది చెప్పినా, అది సరైనదో కాదో నాకు తెలుస్తుంది.

వెన్నెలరైడ్:
నిదానం గారూ, ఆ చీటీ పద్ధతి నేను ఈ వారమే మొదలుపెడతాను.

దుమ్ముదారి:
అయస్కాంతంతో ట్యాంకుకి అంటుకునే బ్యాగ్ వాడేవాళ్లకి ఒక మాట. ఆ బ్యాగ్‌లో ఫోను పెడితే ఆగి ఉన్నప్పుడు బాణం ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది, దిక్సూచికి ఆ అయస్కాంతం తగులుతుంది. బండి కదిలాక సర్దుకుంటుంది, ఎందుకంటే కదులుతున్నప్పుడు దిక్కుని వరుసగా వచ్చే స్థానాల నుంచే లెక్క కడుతుంది. కూడలిలో ఆగి బాణాన్ని నమ్మి తిరగొద్దు.

మొదటిగేరు:
నిన్న ఆదివారం ప్రయోగంగా 160 కిలోమీటర్లు వెళ్లొచ్చాను. మావయ్య చెప్పినట్టే రిలే, 3 యాంపుల ఫ్యూజు పెట్టించాను. సుద్దముక్క గుర్తుతో స్పీకర్ జరిపాను, అక్కా, నిజంగా అద్భుతం. 90లో కూడా ప్రతి మాటా వినిపించింది.

రెండు ఇబ్బందులు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే ఫోను తెర పూర్తిగా నల్లగా కనిపిస్తోంది, అడ్డంగా తిప్పితే కనిపిస్తోంది. రెండోది, మధ్యాహ్నం ఎండకి తెర మసకబారిపోయి చార్జింగ్ ఆగిపోయింది.

గుంతలదారి:
మొదటిది పోలరైజ్డ్ అద్దాల వల్ల. తెర నుంచి వచ్చే వెలుగు ఒకే దిశలో కంపిస్తూ వస్తుంది, అద్దం ఆ దిశని అడ్డుకుంటే నలుపే. ఫోనుని అడ్డంగా బిగించు, లేదా మామూలు లేతరంగు అద్దాలు వాడు. బండి మీటరు కూడా డిజిటల్ అయితే దాన్నీ ఆ అద్దాలతో ఒకసారి చూసుకో.

రెండోదానికి పాత ఫోనుకి వేసిన నల్ల కవర్ తీసెయ్. పూర్తి వెలుతురు, చార్జింగ్, ఎండ మూడూ కలిస్తే ఏ ఫోనైనా ఉడికిపోతుంది. ఆపిల్ వాళ్లు తమ ఫోన్లని 35 డిగ్రీలు దాటని చోట వాడమంటారు, నడి ఎండలో ఆగి ఉన్న బండి మీద ఆ హద్దు ఎప్పుడో దాటిపోతుంది. వైర్‌లెస్ చార్జింగ్ మౌంట్ అయితే దాని వేడి అదనం. పొద్దున్నే నిండుగా చార్జ్ చేసుకుని, మధ్యాహ్నం వైరు పీకేసి, తెర ఆర్పేసి మాట మీద వెళ్లు. ఆగినప్పుడు తీసి నీడలో పెట్టు. ఫ్రిజ్‌లోనో ఐస్ మీదో మాత్రం పెట్టకు, లోపల చెమ్మ పడుతుంది.

నా వాదన ఇక్కడే కొంచెం గట్టిగా చెబుతాను, ఏమీ అనుకోకండి. ఎండా వానా రెండూ మెండుగా ఉన్న దారుల్లో, నెలకి రెండు మూడుసార్లు దూరం వెళ్లేవాళ్లకి విడి నావిగేటర్ ఖర్చు దండగ కాదు. ఏడాదికి ఒక్క టూర్ చేసేవాళ్లకి పాత ఫోను చాలు. ఫోనుతో నడిచే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే తెరలు బైకులకి వస్తున్నాయి. తెర వానకి తట్టుకుంటుంది, ఫోను జేబులో ఉంటుంది, కాబట్టి అది మధ్య దారి. కానీ ఫోను చార్జింగ్ జేబులోనే అయిపోతుంది, పవర్‌బ్యాంకు జోడించుకోవాలి.

వైరింగ్ మావయ్య:
మౌంట్ బోల్టులు మొదటి 50 కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించావా? కొత్త రబ్బరు అణిగి వదులవుతాయి. నీలం రంగు థ్రెడ్‌లాకర్ (బోల్టు వదులవకుండా దాని మరల మీద వేసే జిగురు) ఒక్క చుక్క వెయ్యి. ఎర్రది వద్దు, తర్వాత ఊడదు. ఫోనుకి, హ్యాండిల్‌కి కలిపి ఒక సన్నటి తాడు కూడా కట్టు.

మొదటిగేరు:
టూర్ ముగిసింది. అందరికీ చెప్పకుండా ఉండలేకపోయాను.

ఆరు రోజుల్లో 1,870 కిలోమీటర్లు. నలుగురిలో ఒక అన్న దగ్గర విడి నావిగేటర్ ఉంది, నా దగ్గర పాత ఫోను, ఇద్దరం ఒకే జీపీఎక్స్ ఫైల్ వేసుకున్నాం. మొదటి రెండు రోజులు ఎవరి పరికరానికీ ఏ ఇబ్బందీ రాలేదు. మూడో రోజు కొండ దిగాక వంతెన మూసేశారు. సిగ్నల్ లేదు. అన్న నావిగేటర్ వెంటనే వేరే దారి లెక్క కట్టింది గానీ, వంతెన అవతల వయా పాయింట్ ఉండటంతో తిప్పి తిప్పి అదే వంతెన దగ్గరికి తెచ్చింది. రెండుసార్లు అలా వచ్చాక నాకు జీపీఎక్స్ బృందం గారి మాట గుర్తొచ్చింది. ఆ పాయింట్‌ని దాటేయమని నొక్కాం. అప్పుడు 30 కిలోమీటర్ల చుట్టుదారి చూపించింది. నా ఫోనులో ట్రాక్ గీత తెర మీద అలాగే ఉంది కాబట్టి, చుట్టు తిరిగి మళ్లీ గీతని ఎక్కడ కలుస్తామో చూసుకుంటూ వెళ్లాం. కలిసిన చోట నలుగురం బండ్లాపి చేతులు కలుపుకున్నాం.

నాలుగో రోజు గట్టి వాన. ఈసారి తెర ముందే ఆర్పేశాను. చెవిలో మాట, ట్యాంకు మీద ప్లాస్టిక్ కవర్ కింద నిదానం గారి చీటీ. ఒక కూడలిలో ఎడమకి తిరగమంది, చీటీలో కుడి అని ఉంది. ఆగి చూస్తే చీటీయే సరైనది, రాత్రి ఫైల్ మార్చినప్పుడు నేనే పాతది తెరిచాను. రోడ్డు మీద తెర వైపు చూసింది రోజుకి పదిసార్లు కూడా ఉండదు. మొదట్లో చెప్పిన ఆ వాన రైడ్‌కీ దీనికీ అలసటలో ఎంత తేడా ఉందో మాటల్లో చెప్పలేను.

ఒక్క లోపం దొరికింది. అయిదో రోజు రాత్రి బండి తుడుస్తుంటే మౌంట్ కాడ బోల్టు సగం వదులైపోయి ఉంది. మావయ్యా, థ్రెడ్‌లాకర్ వేసిన రెండూ గట్టిగానే ఉన్నాయి. మూడోది కనిపించక వదిలేశాను, వదులైంది అదే.

నీలికొండ:
చదువుతుంటే నేనే వెళ్లొచ్చినట్టుంది! ఆ జీపీఎక్స్ ఫైల్ ఇక్కడ పెడతారా?

మొదటిగేరు:
తప్పకుండా. రేపు సాయంత్రం పెడతాను. రెండో రోజు 7వ పాయింట్ డివైడర్‌కి అవతల పడింది, మూడో రోజు వంతెన పాయింట్ తీసేయాలి. ఆ రెండూ సరిచేసి, రూట్, ట్రాక్ కలిపి ఒకే ఫైల్‌గా ఇస్తాను.